నా గొంతుతో పిలిచినా

దుబాయ్‌లో, నడి ఎండాకాలంలో, ఏసీ ఆపేసి బట్టల అల్మరాలో దూరి తలుపు వేసుకునే మనిషిని ఏమనాలి? అనంతలక్ష్మిగారు కాకినాడలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి ఈ ప్రశ్నే వేశారు. ఆవిడ కోడలు అమూల్య రోజూ పొద్దున్న వంటయ్యాక చేసే పని అదే మరి. పడగ్గదిలో గోడ పొడవునా కట్టిన అల్మరా అది. కింద మడత పెట్టిన దుప్పట్లు, పైన వేలాడే చీరలు, వాటి మధ్య ఒక మైకు, ఒక లాప్‌టాప్, చెమటలు కక్కుతూ అమూల్య. లోపల్నుంచి సన్నగా మాటలు వినిపించేవి. అవి చెవిన పడితే అనంతలక్ష్మిగారికి ఒళ్లు జలదరించేది.

"శుభమా అని నేను దీపం పెట్టుకుంటుంటే ఇది లోపల్నుంచి శవాలంటాది, గొయ్యంటాది. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు కదే! ఇది ఉద్యోగం, నిజం కాదని ఆళ్లకెవరు చెప్తారు?" అని ఆవిడ వాపోయేవారు.

ఉద్యోగం మాట నిజమే. అమూల్యది ఫోన్లకి తెలుగు నేర్పే పని. రేపెప్పుడో మనం ఫోనుతో తెలుగులో మాట్లాడితే దానికి అర్థం కావాలంటే, ఇవాళ కొందరు కూర్చుని వేల వాక్యాలు తెలుగులో చదివి పెట్టాలి. దుబాయ్ పాతబస్తీ డేరాలో ఒక చిన్న కంపెనీ అలాంటి గొంతులు పోగుచేసి ఎవరికో పంపుతుంది. చదవడానికి వాక్యాలు కావాలి కదా! కథలూ పాటలూ వాడుకుంటే వాటి సొంతదారులు ఊరుకోరు. అందుకని ఎవరి అనుమతీ అక్కర్లేని రాతల కోసం వెతికారు. జాతి నిర్మూలన కేసులు విచారించే ఒక అంతర్జాతీయ న్యాయస్థానంలో ప్రాసిక్యూటర్ బహిరంగంగా చేసిన ప్రకటనలు వాళ్ల కంట పడ్డాయి. లోకమంతా చదువుకోవాలనే వాటిని నెట్‌లో పెట్టారు, కాబట్టి అడిగేవాడు లేడు. ఆ ఇంగ్లీషు వాక్యాలు అమూల్యకి వచ్చేవి; ఆమె వాటిని తెలుగు చేసి చదవాలి. పెసరట్టు, గ్యాస్ బండ, బస్సు పాసు అనే మాటలు నేర్పాల్సిన ఫోనుకి మొట్టమొదట నేర్పింది ‘సామూహిక సమాధి’. ఎంత తెలివో చూడండి.

వాక్యాలు వరసగా వచ్చేవి కావు. పేకముక్కల్లా కలిపేసి పంపేవారు. ముందేముందో వెనకేముందో తెలిసేది కాదు. ‘వాళ్లు మాకు కొత్తవాళ్లు కారు.’ ‘తలుపు కొట్టినవాడి పేరు సాక్షికి తెలుసు.’ ‘ఆ ఉదయం నిందితుడు అదే ఇంట్లో టీ తాగాడు.’ ఒక్కోటీ మూడు రకాలుగా చదవాలి: మామూలుగా ఒకసారి, గబగబా ఒకసారి, గుసగుసగా ఒకసారి. పక్కన పిల్లలు నిద్రపోతుంటే జనం ఫోనుతో గుసగుసగానే మాట్లాడతారట. మొదట్లో అమూల్య ఈ వాక్యాల్ని మనసుకి పట్టించుకోలేదు. ఎప్పుడో ఎం.ఏ. చదివిన తెలుగు ఇన్నాళ్లకి అక్కరకొచ్చిందని సంబరపడింది. ‘నరమేధం’ అని రాసి, అందులో యాగం వాసన వస్తోందని కొట్టేసి ‘జాతి నిర్మూలన’ అని మార్చింది. మాట కుదిరితే ఆ పూటంతా హుషారుగా ఉండేది. కానీ పోనుపోనూ, గిన్నెలు తోముతూ ఉంటే ఉన్నట్టుండి, ఆ నిందితుడికి టీ ఎవరు కలిపి ఇచ్చారో అనిపించేది.

అయితే ఆ ఇంట్లో అసలు దిగులు అల్మరా గురించి కాదు, తన్మయి గురించి.

తన్మయి అమూల్య కూతురు. మూడేళ్లు నిండకముందే వసపిట్టలా వాగేది. లిఫ్టులో ఎక్కినవాళ్లందరినీ "మీ పేరేంటి, మీ ఇంట్లో పాప ఉందా" అని నిలదీసేది. నాయనమ్మ కథ చెబుతుంటే ఊఁ కొట్టేది, కథ ఆగితే "ఊఁ?" అని గద్దించేది. అలాంటి పిల్ల 2018 వేసవి మొదట్లో ఒకరోజు మాట్లాడటం మానేసింది. జ్వరం లేదు, దెబ్బ తగల్లేదు, భయపడిందీ లేదు. తినేది, ఆడుకునేది, టీవీ చూసి నవ్వేది. ఆ నవ్వుకి చప్పుడు ఉండేది కాదు. ఏడిస్తే కళ్లనిండా నీళ్లు వచ్చేవి గానీ నోరు మూసే ఉండేది. చప్పుడు లేకుండా ఏడ్చే మూడేళ్ల పిల్లని చూడటం కన్నతల్లికి ఎంత నరకమో చెప్పలేం.

డాక్టర్లు చెవి బాగుందన్నారు, గొంతు బాగుందన్నారు. ఇంట్లో తెలుగు, నర్సరీలో ఇంగ్లీషు, కింద కొట్లో హిందీ, పిల్లకి గందరగోళం అయి ఉంటుందన్నారు. అమూల్య భర్త సుజిత్ దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో ఒక ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తాడు. ప్రతి రాబడికీ ఒక ఖర్చు కనపడాలనే మనిషి. పిల్ల మాట ఎక్కడికి పోయిందో తేలక అతనికి పిచ్చెక్కినట్టుండేది. అనంతలక్ష్మిగారు మాత్రం దిష్టి అన్నారు. ఎండుమిరపకాయలు తిప్పి వంటింట్లో కాల్చారు. పొగకి అలారం మోగి, బిల్డింగు మొత్తం మెట్ల మీదికి వచ్చి, వాచ్‌మన్ నెత్తీనోరూ కొట్టుకున్నాడు. ఆ గోలలో కూడా తన్మయి నోరు విప్పలేదు.

ఇందులో అమూల్య ఎవరికీ చెప్పుకోని ముల్లు ఇంకొకటుంది. నాయనమ్మ పిలిస్తే తన్మయి వచ్చేది. మాట లేదంతే, పరిగెత్తుకుంటూ వచ్చి నిలబడేది. సుజిత్ పిలిచినా వచ్చేది. తను పిలిస్తే మాత్రం దాక్కునేది. వంటింట్లోంచి "తన్మయీ!" అంటే చాలు, మంచం కింద దూరేది, పరదా వెనక నక్కేది, అల్మరాలో చీరల మధ్యకి వెళ్లిపోయేది. దగ్గరికి వెళ్లి చూస్తే రెండు చేతులతో నోరు మూసుకుని, ఊపిరి బిగబట్టి ఉండేది. అమూల్య ఏమీ అనకుండా ఎత్తుకుంటే మెడ చుట్టూ చేతులు వేసేది. కాసేపటికి మళ్లీ పిలిస్తే మళ్లీ అంతే.

"నేనేం చేశానండీ దీన్ని? ఎప్పుడైనా కొట్టానా, కసిరానా?" అని ఒకరోజు సుజిత్ దగ్గర భోరుమంది.

"నువ్వు ఊరికే పిలుస్తూ ఉంటావు అమ్మూ. కొన్నాళ్లు పిలవకు, అదే వస్తుంది," అన్నాడు సుజిత్. ఊరడింపుగా అన్నాడు పాపం. కానీ పిలవకుండా ఉండటం అమూల్యకి చేతకాదు. మాటలు నేర్పాలంటే పిలవాలి కదా అని ఇంకా ఎక్కువ పిలిచేది. పేరు పెట్టి, ముద్దుపేరు పెట్టి, బతిమాలి, పాట కట్టి పిలిచేది. పిల్ల ఇంకా లోతుకి దాక్కునేది.

అలాంటి రోజుల్లో డేరా నుంచి అమీర్ జాన్ ఫోన్ చేశాడు. అమీర్ జాన్ కడపవాడు. ఆ కంపెనీలో తెలుగు, ఉర్దూ గొంతుల పని చూసేది అతనే. ఫైళ్లలో ఏదో తేడా ఉంది, ఒకసారి వచ్చి వినిపోండి అన్నాడు.

యూనియన్ మెట్రో దిగి నాలుగు వీధులు నడిస్తే, యాలకులూ ఎండు నిమ్మకాయలూ బస్తాల్లో అమ్మే కొట్టు పైన ఉంది ఆ ఆఫీసు. అమీర్ జాన్ కుర్చీ జరిపి, మంచినీళ్లు ఇచ్చి, ఇబ్బందిగా మొదలుపెట్టాడు.

"ఏమనుకోవద్దు మేడమ్. మీ ఫైళ్లలో ఇంకో మనిషి ఉండాది."

"ఇంకో మనిషేంటండీ? తలుపేసుకుని ఒక్కదాన్నే కదా చదివేది!"

"మనం వింటే తెలీదు మేడమ్, కొత్త మెషిన్ పట్టింది. పాతవన్నీ మళ్లా చెక్ చేస్తాంటే బయటపడింది. సౌండ్ పెంచినా, వినండి," అని హెడ్‌ఫోన్ అందించాడు.

తన గొంతే. ‘తలుపు కొట్టినవాడి పేరు సాక్షికి తెలుసు.’ వాక్యం అయ్యాక చిన్న ఖాళీ. ఆ ఖాళీలో, దూరంగా, తలుపుకి అవతలినుంచి: "ఊఁ."

అమూల్య హెడ్‌ఫోన్ తీసి బల్లమీద పెట్టేసింది. మళ్లీ తీసి పెట్టుకుంది. ఆ ఊఁ ఎవరిదో మెషిన్ చెప్పాలా? ఎన్నాళ్లుగానో దానికోసమే కదా చెవులు రిక్కించుకుని బతుకుతోంది! తన్మయి అల్మరా తలుపు బయట కూర్చుని, అమ్మ లోపల కథ చెబుతోందనుకుని, ఒక్కో వాక్యానికీ ఊఁ కొట్టింది. ‘వాళ్లు మాకు కొత్తవాళ్లు కారు.’ ఊఁ. ‘గోతిని రెండు రోజులు తవ్వించారు.’ ఊఁ. నెలల తర్వాత కూతురి గొంతు విన్న ఆనందం ఒకపక్క, ఏం కథలు చెప్పానురా భగవంతుడా అన్న సిగ్గు ఇంకోపక్క. ఆమెకి ఏడుపు ఆగలేదు.

"మా పాప గొంతండీ ఇది. ఇవి ఏ రోజువి? వరసగా పెట్టండి. మొదట్నుంచీ పెట్టండి," అంది.

అమీర్ జాన్ పెట్టాడు. రోజు వెనక రోజు, వాక్యం వెనక వాక్యం. అన్నిటికీ ఊఁ ఉంది. వేసవి మొదట్లో ఒక రోజు ఒక వాక్యం వచ్చింది.

‘నా గొంతుతో పిలిచినా పలకకు.’

మామూలుగా చదివినప్పుడు దాని తర్వాత ఏమీ వినపడలేదు. గబగబా చదివినప్పుడూ లేదు. మూడోసారి గుసగుసగా చదివింది. చీకట్లో పక్కనున్న పిల్లతో రహస్యం చెప్పినట్టు బాగా కుదిరిందని ఆ రోజు తనని తానే మెచ్చుకుంది కూడా. ఆ గుసగుస తర్వాత, అంతే గుసగుసగా, "ఊఁ" వినిపించింది.

ఆ తర్వాతి ఫైల్లో లేదు. దాని తర్వాతిదాంట్లో లేదు. ఇంక తన్మయి గొంతు ఎక్కడా లేదు.

ఆ వాక్యం అమూల్యకి బాగా గుర్తుంది. ఇంగ్లీషులో ఉన్నది, నా గొంతుతో పిలిచినా బదులివ్వొద్దని. ‘జవాబివ్వకు’ అంటే ఆఫీసు మాటలా ఉందని కొట్టేసి, ‘బదులివ్వకు’ అంటే పొడిగా ఉందని కొట్టేసి, పిలిస్తే పలకడమే తెలుగు అని మురిసిపోతూ ‘పలకకు’ అని రాసింది. మరి పిల్లకి పలకడమంటే ఏమిటి? నాయనమ్మ పలక ముందు కూర్చోబెట్టి "అ పలుకమ్మా, ఆ పలుకు" అంటుంది. పలకడమంటే నోరు తెరవడమే. అమ్మ చీకట్లోంచి, తనకొక్కదానికే, రహస్యంగా చెప్పింది: పలకకు. నా గొంతుతో ఎవరు పిలిచినా పలకకు. పిల్ల సరేనంది. అమ్మ మాట నిలబెట్టడానికి ఇన్ని నెలలు ఏడుపు కూడా మింగింది. తను వంటింట్లోంచి పిలిచిన ప్రతిసారీ, అది అమ్మ గొంతు దొంగిలించిన ఎవరో అనుకుని నోరు మూసుకుంది.

"దీని తర్వాత వాక్యం ఏంటండీ?" అంది అమూల్య. గొంతు తనదిలా లేదు. "పలకకు అన్న ఆ మనిషి ఇంకేమంది? ఎన్నాళ్లు పలకొద్దంది? ఎవరు వస్తే పలకాలంది?"

"అది ఇంకొకరికి పోయుంటాది మేడమ్. తమిళమోళ్లకో, నేపాలీవాళ్లకో. అయినా ఇదంతా పబ్లిక్ గదా, నెట్‌లో కొడితే మొత్తం వస్తాది." అని, ఆమె లేచి నిలబడటం చూసి ఆపాడు. "ఒక్క నిమిషం మేడమ్. నేను పిలిచింది వీటి గురించి కాదు. పాతవి ఖలాస్, పాప గొంతంట గదా, తీసేస్తాం. కానీ పోయినవారం ఫైళ్లలో కూడా ఉండాది."

అతను బొత్తాం నొక్కాడు. తన గొంతు ఏదో చదివింది. చిన్న ఖాళీ. "ఊఁ."

ఈ ఊఁ తలుపు బయట నుంచి రాలేదు. మైకు పక్కనుంచి వచ్చింది. తన్మయి కంటే కాస్త పెద్దపిల్ల గొంతు. అయినా ఆ ఉదయం తన్మయి ఇంట్లోనే లేదు. సుజిత్ ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

"ఏసీ చప్పుడేమో లెండి," అన్నాడు అమీర్ జాన్, ఆమె ముఖం చూసి.

"ఏసీ ఆపే చదువుతానండీ," అంది అమూల్య.

మెట్రోలో ఆడవాళ్ల పెట్టెలో మూల సీటు దొరికింది. ఫోనులో వెతికితే ఆ ప్రకటన దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. నల్లగౌను వేసుకున్న ప్రాసిక్యూటర్, కళ్లజోడు పెట్టుకున్న పెద్దావిడ, నిలబడి చదువుతోంది. ఎక్కడా గొంతు పెంచలేదు. కరెంటు బిల్లు వివరాలు చదివినట్టు చదివింది. ఇన్నాళ్లూ ముక్కలుముక్కలుగా తన నోట పలికిన వాక్యాలు ఒకదాని వెనక ఒకటి వచ్చి వాటి చోట్లలో కూర్చున్నాయి. టీ కలిపి ఇచ్చింది సాక్షి తల్లే. తాగినవాడు పొరుగింటివాడు.

ఆ పట్టణంలో పిల్లలు అటకల మీదా, గోడల సందుల్లోనూ దాక్కున్నారు. వాళ్లని వెతకడానికి నిందితుడి మనుషులు శ్రమపడలేదు. పట్టుబడ్డ తల్లుల్ని వీధిలోకి తీసుకొచ్చి నిలబెట్టి, పిల్లల్ని పేరు పెట్టి పిలవమన్నారు. పిల్లలు పలికారు. ఈ సాక్షి తల్లి ఆ సంగతి కళ్లారా చూసింది. నీళ్లకోసం బయటికి వెళ్తూ ఇద్దరు కూతుళ్లకీ చెప్పింది: నా గొంతుతో పిలిచినా పలకకండి. నేను నిజంగా తిరిగొస్తే పిలవను. లోపలికి వచ్చి మీ పక్కన కూర్చుంటాను. అప్పుడు మీరే నన్ను పిలవండి.

ఇద్దరు కూతుళ్లు! ఇంగ్లీషులో ఒకరికైనా ఇద్దరికైనా మాట ఒకటే కాబట్టి అమూల్యకి అది తెలియలేదు. పలకకు అంది, ఒక్క పిల్లతో చెప్పినట్టు.

ఆ సాయంత్రం తల్లి వీధిలో నిలబడి పిలిచింది, అని చదివింది ప్రాసిక్యూటర్. ముందు చిన్నదాన్ని పిలిచింది, తర్వాత పెద్దదాన్ని. చిన్నది పలకలేదు. పెద్దది ఓర్చుకోలేకపోయింది, పలికి బయటికి పరిగెత్తింది. పలకని పిల్ల పెద్దదై ఇవాళ ఈ న్యాయస్థానంలో కూర్చుని ఉంది. తల్లీ, అక్కా లేరు.

అక్కడ ప్రాసిక్యూటర్ ఆగి, గ్లాసు ఎత్తి మంచినీళ్లు తాగింది. మొత్తం ప్రకటనలో ఆవిడ ఆగింది ఆ ఒక్కచోటే.

అమూల్య దిగాల్సిన స్టేషన్ దాటిపోయింది. వెనక్కి వచ్చి, టాక్సీ పట్టుకుని, ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం అయింది. తాళంచెవి తిప్పి తలుపు తీసిందో లేదో, అలవాటు కొద్దీ "తన్మ..." అనబోయి నాలుక కరుచుకుంది. ఎప్పుడూ చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టే నోరు అది. అనంతలక్ష్మిగారు స్నానాల గదిలో ఉన్నారు, నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. హాల్లో బొమ్మలు పరిచి ఉన్నాయి, పిల్ల లేదు. పడగ్గదిలోకి వెళ్లింది. అల్మరా తలుపు కాస్త తెరిచి ఉంది.

లోపల తన్మయి దుప్పట్ల మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. తల్లిని చూసి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. అమూల్య ఏమీ అనలేదు. చీరలు పక్కకి తోసి లోపలికి దూరి, పిల్ల పక్కన కూర్చుని, తలుపు దగ్గరికి లాగింది. చీకటి కమ్మింది.

కూర్చోవడం ఇంత కష్టమని ఆమెకి తెలియదు. ముట్టుకోవాలని ఉంది, ముద్దాడాలని ఉంది, నేనేనే బంగారం అని వెయ్యిసార్లు చెప్పాలని ఉంది. చెప్తే అంతా పోతుంది. పెదవి కొరుక్కుని, తన ఊపిరి చప్పుడు తనే వింటూ కూర్చుంది. చెమట వీపు మీదుగా కారింది. పిల్ల తననే చూస్తోందని చీకట్లో కూడా తెలుస్తోంది.

స్నానాల గది తలుపు తెరుచుకుంది.

"అమ్మాయ్! వచ్చావా? చెప్పులున్నాయ్, మనిషేదీ?" అన్నారు అనంతలక్ష్మిగారు హాల్లోంచి. కాస్త ఆగి గొంతు పెంచారు. "అమూల్యా! అమూల్యా! ఇదేంటిది, పాప కూడా కనపడదు! అమూల్యా!"

అమూల్య పలకలేదు. ముసలావిడ కంగారుపడుతోందని తెలుసు. గదిగదికీ తిరుగుతూ పిలుస్తున్న ఆ గొంతులో ఏడుపు మొదలైంది. అయినా అమూల్య నోరు మూసుకునే ఉంది. అలా పిలుస్తుంటే పలకకుండా ఉండటానికి ఎంత గుండె కావాలో అప్పుడు తెలిసింది ఆమెకి. తన పిల్ల నెలల తరబడి చేసిన పని ఇదన్నమాట. ఆ ఊళ్లో ఆ చిన్నది చేసిన పని ఇది.

చిన్న చెయ్యి ఒకటి వచ్చి ఆమె పెదవుల మీద ఆనింది. మూసి ఉన్నాయో లేదో తడిమి చూసింది. మూసే ఉన్నాయి. ఆ చెయ్యి బుగ్గ మీదికి వెళ్లింది, ముక్కుపుడక మీదికి, చెవి దుద్దు మీదికి వెళ్లింది.

"అమ్మా," అంది తన్మయి.

ఇన్నాళ్లు వాడని గొంతు, బొంగురుగా ఉంది. అమూల్య ప్రాణం లేచి వచ్చింది. పిల్లని గుండెకి హత్తుకుని, జుట్టంతా తడిపేసింది. "అమ్మా, అమ్మా," అని పిల్ల ఆపకుండా అంటోంది, ఇంతకాలం దాచుకున్నవన్నీ ఒకేసారి అప్పజెబుతున్నట్టు. అమూల్య ఒక చేత్తో తలుపు తోసి, పిల్లని ఎత్తుకుని బయటికి రాబోయింది.

"ఉహుఁ," అని తన్మయి ఆమె కొంగు పట్టుకుంది. గొంతు తగ్గించింది. "అక్క ఉంది కదా."

"ఏ అక్క నాన్నా?"

"ఇక్కడుండే అక్క. అక్క వాళ్లమ్మ రాలేదు." పిల్ల చీకటిగా ఉన్న అల్మరా రెండో చివరకి వేలు చూపించింది. "నువ్వు అక్క పక్కన కూడా కూర్చో."

అమూల్య అటు తిరిగి చూసింది. ఆ చివర పట్టుచీరలు వేలాడుతున్నాయి, వాటి కింద ఏమీ లేదు. ఏమీ లేదనే అనుకుంది. తలుపు చేతికందే దూరంలో ఉంది. పిల్లకి మాట వచ్చింది, కోరుకున్నది దక్కింది, ఇంక పిల్లని చంకనేసుకుని బయటపడి ఆ అల్మరాకి మేకులు కొట్టించొచ్చు. బయట అత్తగారు ఇంకా పిలుస్తున్నారు. అమూల్యకి నిజంగానే పారిపోవాలనిపించింది. కానీ వీధిలో నిలబడి పెద్దకూతుర్ని పిలవాల్సి వచ్చిన ఆ తల్లి గొంతులో ‘పలకకు’ అన్నది తనే కదా. ఈ ఇంట్లో, ఈ చీకట్లో, మళ్లీ మళ్లీ, మూడు రకాలుగా అన్నది తనే. ఆ మాట విని ఎవరైనా వస్తే, ఇంకెవరి పక్కన కూర్చుంటారు?

ఆమె మోకాళ్ల మీద జరిగి, పట్టుచీరల కిందకి వెళ్లి, గోడకి ఆనుకుని కూర్చుంది. తన్మయి వచ్చి ఒళ్లో ఎక్కింది. అమూల్య ఎవరినీ పిలవలేదు. పిలవడానికి ఆ పిల్ల పేరు కూడా తెలియదు. ప్రాసిక్యూటర్ సాక్షుల పేర్లు చెప్పలేదు, చచ్చిపోయినవాళ్ల పేర్లూ చెప్పలేదు. ఊరికే కూర్చుంది.

కాసేపటికి ఎడమ భుజానికి ఏదో బరువు ఆనింది. నిద్రకి తూలే పిల్ల తల ఆనితే ఎంతుంటుందో అంతే. ఆమె కదల్లేదు. పట్టుచీర మడతల్లోంచి, చెవి పక్కనే, ఒక చిన్న మాట వినిపించింది. అది తెలుగు కాదు, ఇంగ్లీషు కాదు, ఈ దేశంలో ఆమె విన్న ఏ భాషా కాదు. అయినా దాని అర్థం ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది.

"వచ్చానమ్మా," అంది అమూల్య.